గెలీలియో యాంటెనా ఎందుకు విచ్చుకోలేదు?

1991 ఏప్రిల్ 11న గెలీలియో వ్యోమనౌక తన ప్రధాన యాంటెనాను విప్పుకోవాల్సి ఉంది. ఏడాదిన్నరగా ముడుచుకుని ఉన్న ఆ యాంటెనాను తెరవడం, అన్నీ సవ్యంగా ఉంటే, మూడు నిమిషాల్లోపు ముగిసే పని. ఆదేశం ప్రకారం మోటార్లు మొదలయ్యాయి. నిమిషం గడవకముందే మొరాయించాయి. తిరగకుండానే కరెంటు లాగుతూ ఎనిమిది నిమిషాలు అలాగే ఉండి, గడువు తీరాక ఆగిపోయాయి. కాలిఫోర్నియాలోని పాసడీనాలో, నౌకను నడిపే నాసా సంస్థ జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఇంజినీర్ల ముందు కొన్ని అంకెలు మాత్రం మిగిలాయి. యాంటెనా పూర్తిగా విచ్చుకుందని చెప్పే అంకె వాటిలో లేదు.

గురుగ్రహం చుట్టూ తిరుగుతూ పరిశోధన చేయడానికి బయలుదేరిన మొదటి నౌక అది. దాని కెమెరాలు, సెన్సర్లు సేకరించిన సమాచారమంతా భూమికి చేరవేయాల్సింది ఈ యాంటెనాయే. అది పనిచేస్తే సెకనుకు లక్షా 34 వేల బిట్లు వస్తాయి. పనిచేయకపోతే మిగిలేవి రెండు చిన్న యాంటెనాలు. గురుడి దూరం నుంచి వాటిలో ఒకదానితో, అప్పటి ఏర్పాట్లతో రాగలిగినవి సెకనుకు పది, పదహారు బిట్లు. నౌక కెమెరా తీసే ఒక్కో చిత్రంలో 800 వరుసలు, వరుసకు 800 చుక్కలు, చుక్కకు ఎనిమిది బిట్లు. అంటే 51 లక్షల బిట్లకు పైనే. పెద్ద యాంటెనా ద్వారా ఆ చిత్రం నిమిషంలోపు వచ్చేస్తుంది. చిన్నదాని ద్వారా సెకనుకు పది బిట్ల చొప్పున పంపితే దాదాపు ఆరు రోజులు పడుతుంది. ఆ రోజు ఆగిపోయిన మోటార్ల మీద ఆధారపడి ఉన్న తేడా ఇది.

యాంటెనా నిర్మాణం మన గొడుగు లాంటిదే. మధ్యలో ఒక స్తంభం, దాని చుట్టూ గ్రాఫైట్, ఎపాక్సీ కలిపి చేసిన 18 ఊచలు, వాటి మధ్య బంగారు పూత పూసిన మాలిబ్డినం తీగ వల. విచ్చుకుంటే 4.8 మీటర్ల వ్యాసం. స్తంభం అడుగున మోటార్లు ఒక పొడవాటి స్క్రూను తిప్పుతాయి. స్క్రూ మీద ఉన్న పళ్లెం లాంటి భాగం పైకి జరుగుతూ, కడ్డీల ద్వారా 18 ఊచలనూ ఒకేసారి బయటికి నెడుతుంది. ఇదే రకం యాంటెనాలు నాసా సమాచార ఉపగ్రహాల మీద అప్పటికే ఏ ఇబ్బందీ లేకుండా తెరుచుకున్నాయి. అందుకే దీని మీద ఎవరికీ అనుమానం లేదు.

ఇంతకాలం ముడిచి ఉంచడానికి కారణం నౌక పట్టిన దారి. 1986 మేలో బయలుదేరాల్సిన గెలీలియో, ఆ జనవరిలో ఛాలెంజర్ షటిల్ పేలిపోవడంతో ఆగిపోయింది. ద్రవ హైడ్రోజన్‌తో నడిచే సెంటార్ రాకెట్ దశను వ్యోమగాములున్న షటిల్‌లో మోసుకెళ్లడం ప్రమాదమని ఆ తర్వాత రద్దు చేశారు. దాని బదులు దొరికిన రాకెట్ దశకు గెలీలియోను నేరుగా గురుడి దాకా పంపేంత బలం లేదు. దాంతో ఒకసారి శుక్రుడి పక్కగా, రెండుసార్లు భూమి పక్కగా పోతూ వాటి గురుత్వం సాయంతో వేగం పుంజుకునే చుట్టుదారి ఎంచుకున్నారు. 1989 అక్టోబర్ 18న అట్లాంటిస్ షటిల్ నుంచి బయలుదేరిన నౌక ముందు సూర్యుడి వైపే వెళ్లింది. గురుడి దగ్గరి చలికోసం తయారైన యాంటెనా శుక్రుడి దగ్గరి వేడికి పాడైపోకుండా, దాన్ని ముడిచి ఎండతెర చాటున ఉంచారు.

ఇక లోపం ఎక్కడుందో తెలుసుకోవడం. నౌకలోని కెమెరా యాంటెనా వైపు చూడలేదు. ప్రతి ఊచ ఎంత తెరుచుకుందో విడివిడిగా చెప్పే సెన్సర్లూ లేవు. ఉన్నవన్నీ వేరే పనుల కోసం పెట్టినవి. ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం ఇదే: వేరే ప్రశ్నల కోసం పెట్టిన సెన్సర్ల దగ్గర ఈ ప్రశ్నకు జవాబు రాబట్టడం.

మొదటి సాక్ష్యం మోటార్ల కరెంటు. స్వేచ్ఛగా తిరిగే మోటారు ఒక రకంగా కరెంటు తీసుకుంటుంది, బరువు పడినప్పుడు మరో రకంగా, పూర్తిగా బిగుసుకుపోయినప్పుడు ఇంకో రకంగా. ఆ గీతను చూసి స్క్రూ కొన్ని చుట్లు తిరిగాకే ఆగిందని లెక్కగట్టారు. అంటే పళ్లెం కొంత పైకి జరిగింది, యాంటెనాలో ఎంతో కొంత భాగం తెరుచుకుంది. రెండో సాక్ష్యం నౌక గిరగిరా తిరిగే వేగం. గెలీలియో నిమిషానికి సుమారు మూడు చుట్లు తిరుగుతూ ప్రయాణిస్తుంది. ఊచలు బయటికి చాపుకుంటే బరువు అక్షానికి దూరమై ఆ వేగం తగ్గాలి. తగ్గింది గానీ, తగ్గవలసినంత తగ్గలేదు. పైగా నౌక కాస్త తొణికినట్టు ఊగుతోంది. 18 ఊచలూ సమంగా విచ్చుకుని ఉంటే ఆ ఊగుడు ఉండదు. ఒక పక్క తెరుచుకుని మరో పక్క మూసుకుని ఉంటేనే వస్తుంది.

మూడోది సూర్య సెన్సర్. నౌక తన దిశ తెలుసుకోవడానికి సూర్యుడిని చూస్తుండే చిన్న పరికరం అది. ప్రతి చుట్టులోనూ ఒకే చోట దానికి సూర్యుడు మసకబారుతున్నాడు. ఏదో ఒకటి అడ్డం వస్తోంది. ఆ సెన్సర్ ఎక్కడుందో తెలుసు, ఏ కోణంలో నీడ పడుతోందో తెలుసు. కాబట్టి అడ్డం వస్తున్న ఊచ ఏదో, అది ఎంత మేర తెరుచుకుని నిలిచిందో జ్యామితితో తేల్చవచ్చు. ఈ మూడింటినీ కలిపి చూసినప్పుడు బొమ్మ తేటపడింది. ఒక పక్కన పక్కపక్కనే ఉన్న కొన్ని ఊచలు, బహుశా మూడు, స్తంభానికి అతుక్కుపోయాయి. మిగతావి తెరుచుకుంటుంటే ఇవి కదలకపోవడంతో పళ్లెం ఒక వైపుకు ఒరిగింది. ఒరిగిన పళ్లెం స్క్రూను బిగబట్టింది. మోటార్ల బలమంతా ఆ రాపిడికే చాలింది.

భూమి మీద ఉన్న మరో యాంటెనాతో ప్రయోగాలు చేశారు. మూడు ఊచలను కావాలని బిగించి మోటార్లు నడిపి, గెలీలియో పంపిన అంకెలతో పోల్చి చూశారు. ఊహ నిలబడింది.

మరి ఊచలు ఎందుకు అతుక్కుపోయాయి? ప్రతి ఊచకూ మధ్యభాగంలో రెండు చిన్న పిన్నులు ఉంటాయి. యాంటెనా ముడిచి ఉన్నప్పుడు అవి స్తంభం మీది గూళ్లలో కూర్చుంటాయి. ప్రయోగ సమయంలో వచ్చే కుదుపులకు పొడవాటి ఊచలు ఊగి విరగకుండా పట్టుకోవడం వాటి పని. పిన్నులు టైటానియంతో చేసినవి, గూళ్లు ఇంకోనెల్ అనే నికెల్ మిశ్రమలోహంతో చేసినవి. మామూలు నూనెలు శూన్యంలో నిలవవు గనుక, పిన్నుల మీద ఒక గట్టి పూత వేసి, దానిపైన మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే పొడి కందెన పట్టించారు. పిన్ను, గూడు ఒకదాన్నొకటి తాకే చోటు చాలా చిన్నది. ఊచను బిగించిన బలమంతా ఆ చిన్న చోట పడుతుంది. ఆ ఒత్తిడికి అడుగున ఉన్న లోహం నలిగి పూత చిట్లింది. చిట్లిన పూత మీద కందెన ఎంతోకాలం నిలవదు.

మిగిలిన పని రోడ్డు చేసింది. నౌక కాలిఫోర్నియాలో తయారైంది, ప్రయోగ కేంద్రం ఫ్లోరిడాలో ఉంది. మధ్య దూరం సుమారు 4,000 కిలోమీటర్లు. 1986 ప్రయోగం కోసం లారీలో ఫ్లోరిడాకు వెళ్లింది. ఛాలెంజర్ ప్రమాదం తర్వాత లారీలోనే కాలిఫోర్నియాకు తిరిగి వచ్చింది. మళ్లీ 1989 ప్రయోగానికి లారీలోనే వెళ్లింది. ఆ ప్రయాణాల్లో యాంటెనాను పడుకోబెట్టి తీసుకెళ్లడంతో కుదుపుల భారం అన్ని ఊచల మీదా సమానంగా పడలేదు. కొన్ని పిన్నులు వేల కిలోమీటర్ల పొడవునా గూళ్లలో అతి స్వల్పంగా, ఆగకుండా రాసుకున్నాయి. ఉన్న కందెన కాస్తా అరిగిపోయింది. మూడేళ్లకు పైగా ఆలస్యమైనా, ప్రయోగానికి ముందు పిన్నుల మీద కందెన మళ్లీ పట్టించలేదు.

ఇక్కడ శూన్యం చేసే పని గురించి చెప్పాలి. గాలిలో ఉన్నంతసేపు టైటానియం గీసుకుపోయినా ముప్పు తక్కువ. గీసుకున్న చోట ఆక్సిజన్ తగిలి క్షణాల్లో పల్చని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, ఆ పొర రెండు లోహాలు నేరుగా కలవకుండా అడ్డుపడుతుంది. శూన్యంలో ఆ రక్షణ లేదు. కందెన పోయిన పిన్ను ఒక్కసారి గూట్లో జరిగితే పొర లేచిపోతుంది, మళ్లీ ఏర్పడదు. పచ్చి లోహానికి పచ్చి లోహం తగిలి కరుచుకుంటుంది. రాపిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే ఫ్లోరిడాలో ఎవరైనా ఆ యాంటెనాను ప్రయోగానికి ముందు గాలిలో తెరిచి చూసినా అది హాయిగా విచ్చుకుని ఉండేది. భూమి మీద కనిపించని లోపాలు అంతరిక్షంలో బయటపడటానికి తరచుగా ఇలాంటి కారణమే ఉంటుంది. పరీక్షలన్నీ ప్రయోగపు కొన్ని నిమిషాల కుదుపుల మీద దృష్టి పెట్టాయి. రోజుల తరబడి సాగిన రోడ్డు ప్రయాణం, ఏళ్ల నిల్వ కలిసి ఏం చేయగలవన్న ప్రశ్నకు అంత ప్రాధాన్యం దక్కలేదు. అదే అసలు పొరపాటని నా అభిప్రాయం. లోహం ఎంపిక, మోటారు బలం రెండో స్థానంలోకి వస్తాయి.

కారణం అర్థమయ్యాక చేయగలిగింది ఏమిటి? నౌక దగ్గరికి వెళ్లలేరు. ఇంజినీర్ల చేతిలో ఉన్నవి సూర్యుడి వేడి, అంతరిక్షపు చలి, నౌకలోని మోటార్లు, దాన్ని కదిపే చిన్న ఇంజిన్లయిన థ్రస్టర్లు. ముందు వేడినీ చలినీ వాడారు. నౌకను తిప్పి స్తంభానికి ఎండ తగిలేలా ఉంచితే అది వెంట్రుకవాసి పొడుగవుతుంది. ఎండకు దూరంగా తిప్పితే కుంచించుకుపోతుంది. గ్రాఫైట్ ఊచలు అంతగా మారవు. స్తంభం అలా పెరుగుతూ తరుగుతూ ఉంటే పిన్నులు గూళ్లలో కొంచెం కొంచెంగా బయటికి జరుగుతాయన్నది ఆశ. 1991 జులై నుంచి మరుసటి ఏడాది మధ్య దాకా పలుమార్లు ఇలా చేశారు. ఒక చిన్న యాంటెనా ఉన్న చేతిని బయటికీ లోపలికీ ఆడించి ఆ అదురు అందుతుందేమో కూడా చూశారు. ఊచలు కదలలేదు.

1992 డిసెంబర్ 8న నౌక రెండోసారి భూమి పక్కగా వెళ్లింది. ఆ తర్వాతి కొన్ని వారాలు స్తంభం బాగా వేడెక్కి ఉండే ఆఖరి అవకాశం. ఇక దాని దారంతా సూర్యుడికి దూరంగానే. ఆ సమయంలో మోటార్లనే సుత్తిగా వాడారు. నిరంతరంగా నడిపితే మోటారు ఒక హద్దు దాకానే తోయగలదు. దాన్ని ఆ యంత్రాంగం సహజంగా ఊగే లయకు సరిపోయేలా ఆపుతూ నడుపుతూ పోతే, ప్రతి తోపుకూ ముందటి తోపు బలం తోడై హద్దు దాటుతుంది. జనవరి 1993 దాకా 13,000కు పైగా తోపులు ఇచ్చారు. స్క్రూ ఇంకొంచెం తిరిగింది. తర్వాత అదీ ఆగింది. ఊచలు మాత్రం పట్టు వదల్లేదు. చివరికి మార్చిలో నౌకను నిమిషానికి పదిన్నర చుట్ల వేగానికి తిప్పి, ఆ విసురుకు ఊచలు విడిపోతాయేమో చూశారు. దానికీ విడిపోలేదు.

ఇంతకంటే గట్టిగా ప్రయత్నించి ఉండవచ్చా? బహుశా. అయితే బిగుసుకున్న మోటారును పదేపదే నడపడం, నౌకను అలవాటు లేని కోణాల్లో తిప్పడం, హద్దు మీరి వేగంగా తిప్పడం, వీటిలో ప్రతిదానికీ ఏదో ఒక ముప్పు ఉంది. మిగతా నౌక నిక్షేపంగా ఉంది. ఆ ఆరోగ్యాన్ని పణంగా పెట్టి ఒక్క భాగం కోసం పోరాడటంలో అర్థం లేని దశ ఒకటి వస్తుంది. ఇక చిన్న యాంటెనాతోనే ప్రయాణమని 1993లో స్థిరపడటం నా దృష్టిలో ఆ బృందం తీసుకున్న అత్యుత్తమ నిర్ణయం. పాడైన భాగాన్ని బాగుచేయడం నుంచి, అది చేయాల్సిన పనిని మరో దారిలో చేయించడం వైపు వారు మళ్లారు. ఆ దారి వెతకడం యాంటెనా మొరాయించిన ఏడాదిలోనే మొదలైంది కూడా. ఊచలు విడిపోతాయని ఎదురుచూస్తూ కూర్చుని ఉంటే గురుడు చేరేసరికి చేతిలో ఏమీ మిగిలి ఉండేది కాదు.

ఆ దారిలో ఒక చివర భూమి ఉంది, మరో చివర నౌకలోని కంప్యూటర్. భూమి మీద చేయగలిగింది వినికిడిని పదును పెట్టడం. ఆస్ట్రేలియాలోని కాన్‌బెరా దగ్గర ఉన్న 70 మీటర్ల డిష్‌లో మరింత చల్లబరిచిన, సొంత రొద తక్కువగా ఉండే కొత్త రిసీవర్ బిగించారు. అదే దేశంలోని పార్క్స్ 64 మీటర్ల రేడియో టెలిస్కోపును, కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ 70 మీటర్ల డిష్‌ను దానికి జత చేశారు. వేర్వేరు చోట్ల అందిన బలహీన సంకేతాన్ని ఒకటిగా కూర్చితే, విడిగా వినపడనిది కలిసి వినపడుతుంది. ఆ ఏళ్లలో గురుడు దక్షిణాకాశంలో ఉండటంతో ఆస్ట్రేలియా డిష్‌లకు ఎక్కువసేపు కనిపించేవాడు. అది కలిసివచ్చిన అదృష్టం.

నౌకలో చేసిన మార్పు ఇంకా సాహసమైనది. 1970ల నాటి చిప్‌లతో నడిచే ఆ కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్‌ను దాదాపు మొత్తంగా మార్చేశారు. 1995లో మొదటి విడత వెళ్లింది. అసలు పెద్దది 1996 మేలో, నౌక గురుడి చుట్టూ తిరుగుతున్నప్పుడు వెళ్లింది. చిత్రాల్లో అంతగా అవసరం లేని వివరాలను వదిలేసి కుదించే పద్ధతి అందులో ఉంది. ఖాళీ ఆకాశాన్ని పంపడంలో బిట్లు వృథా కాకుండా చూసే ఏర్పాటు ఉంది. దారిలో చెదిరిన బిట్లను భూమి మీద సరిచేసుకోవడానికి వీలుగా మరింత బలమైన సంకేత రచన ఉంది. ఇవేవీ ఈ నౌక కోసం ముందుగా అనుకున్నవి కావు. కుదింపు లెక్కలు చేయడానికి కావాల్సిన కొంత శక్తిని నౌక దిశను అదుపు చేసే కంప్యూటర్ నుంచి తీసుకున్నారు. అన్నీ కుదిరాక వేగం సెకనుకు 160 బిట్ల దాకా పెరిగింది. కుదింపు వల్ల ఆ 160 బిట్లే అంతకు ఎన్నో రెట్ల సమాచారాన్ని మోశాయి. ఆరు రోజులు పట్టే చిత్రం గంట లోపు రాగలిగే స్థితి వచ్చింది.

అయినా నౌక గురుడి చంద్రుల్లో ఒకదాని పక్క నుంచి దూసుకుపోయేది కొద్ది గంటలే. అప్పుడు సేకరించినదాన్ని అప్పటికప్పుడు పంపే ప్రసక్తే లేదు. టేపు రికార్డరులో దాచుకుని, తర్వాతి వారాల్లో తీరిగ్గా పంపాలి. పాత పథకంలో ఆ రికార్డరుది సహాయక పాత్ర. ఇప్పుడు మొత్తం యాత్రే దాని మీద ఆధారపడింది. నౌకలో ఉన్నది అదొక్కటే.

1995 అక్టోబర్ 11న, గురుడిని చేరడానికి రెండు నెలలు కూడా లేని సమయంలో, ఆ రికార్డరు టేపును వెనక్కి చుట్టమంటే చుట్టడం ఆపలేదు. టేపు ఒక చోట అంటుకుని ఆగిపోగా, దాన్ని లాగే చక్రం సుమారు 15 గంటలపాటు అదే చోట తిరుగుతూ ఉండిపోయింది. తెలిసిన వెంటనే ఆపించారు. ఈసారి బృందం తొందరపడలేదు. తొమ్మిది రోజులు ఆలోచించి, 20వ తేదీన కొద్దిసేపు మాత్రం నడిపి చూశారు. రికార్డరు పనిచేసింది. అయితే 15 గంటలు రాపిడికి గురైన ఆ ముక్క ఎంత బలహీనపడిందో చెప్పలేరు. తెగితే అంతా పోయినట్టే. అందుకే ఆ ముక్క మీదుగా టేపును మరో 25 చుట్లు చుట్టి, ఇక ఆ భాగాన్ని తాకకూడదని నిర్ణయించారు. కొంత టేపు శాశ్వతంగా పోయింది, మిగతాదంతా దక్కింది. యాంటెనా విషయంలో నేర్చుకున్నది ఇక్కడ పనికొచ్చిందని అనిపిస్తుంది: దెబ్బతిన్న చోటును బాగుచేయబోకుండా, దాని మీద బరువు పడకుండా చూశారు.

దీనికి మూల్యం వెంటనే చెల్లించాల్సి వచ్చింది. డిసెంబర్ 7న నౌక అగ్నిపర్వతాల చంద్రుడు అయో పక్కగా సుమారు 900 కిలోమీటర్ల దూరంలో పోయింది. ఆ దగ్గరి నుంచి తీయాల్సిన చిత్రాలన్నీ రద్దయ్యాయి. అదే రోజు గురుడి వాతావరణంలోకి దూకిన చిన్న ఉపనౌక సుమారు గంటసేపు పంపిన కొలతలను భద్రపరచడమే రికార్డరుకు అప్పగించారు. ఆ ఉపనౌకను రెండోసారి పంపడం కుదరదు. అయోను దగ్గరగా చూడటానికి 1999 అక్టోబర్ దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పూట పోయిన చిత్రాల గురించి చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది గానీ, మరో నిర్ణయానికి తావు లేదు.

మొత్తం మీద అనుకున్న శాస్త్రీయ లక్ష్యాల్లో 70 శాతం నెరవేరినట్టు నాసా లెక్క. ఈ 70 శాతంలో ఒక విశేషం ఉంది. ఎక్కువగా నష్టపోయింది గురుడి మేఘాల కదలికలను వరుస చిత్రాలుగా చూపే అధ్యయనం. దానికి వేల చిత్రాలు కావాలి. అతి తక్కువ బిట్లు అడిగే అయస్కాంత క్షేత్ర సెన్సర్ మాత్రం ఈ యాత్రలోకెల్లా గొప్ప ఫలితాలను ఇచ్చింది. గురుడి చంద్రుల్లో ఒకటైన గానిమీడ్‌కు సొంత అయస్కాంత క్షేత్రం ఉందని 1996లో తెలిసింది దాని వల్లే. మరో చంద్రుడు యూరోపా మంచు కింద ఉప్పునీటి సముద్రం ఉందనడానికి గట్టి ఆధారాలూ దాని కొలతల్లోంచే వచ్చాయి. నౌక గురుడి దగ్గరి నుంచి దాదాపు ఎనిమిదేళ్లు సమాచారం పంపుతూనే ఉండి, 2003 సెప్టెంబర్ 21న గురుడిలో కలిసింది. యాంటెనా ఆఖరి దాకా సగం ముడిచే ఉంది.

గెలీలియోకు పదేళ్ల ముందు, అదే లేబొరేటరీలో ఇలాంటి మరో చిక్కు ఎదురైంది. 1981 ఆగస్టులో వోయేజర్ 2 శనిగ్రహానికి అతి దగ్గరగా వెళ్లి, గ్రహం చాటుకు చేరింది. చాటు నుంచి బయటికి వచ్చేసరికి కెమెరాలు అమర్చిన వేదిక ఒక దిశలో తిరగడం మానేసింది. కొన్ని రోజులకు మళ్లీ కదిలింది గానీ, కారణం తెలియకుండా దాన్ని నమ్మలేరు. భూమి మీద అదే రకం గేరు యంత్రాలను పాడయ్యేదాకా నడిపి చూశారు. అతివేగంగా ఎక్కువసార్లు తిప్పినప్పుడు గేరు తిరిగే ఇరుసు దగ్గర కందెన కరవై లోహం కరుచుకుంటోందని తేలింది. మందు కూడా అందులోనే దొరికింది. ఇకపై మెల్లగా తిప్పాలి, అవసరమైతేనే తిప్పాలి. 1986లో యురేనస్ దగ్గర మసక వెలుతురులో ఎక్కువసేపు తెరిచి ఉంచిన కెమెరాకు చిత్రం చెదరకుండా ఉండేందుకు, నౌకనే నెమ్మదిగా తిప్పారు. 1989లో నెప్ట్యూన్ దాకా ఆ వేదిక పనిచేసింది. ఈ రెండు కథల్లోనూ విలన్ అరిగిపోయిన కందెనే. తేడా అల్లా, వోయేజర్ భాగం కదిలే స్థితిలో ఉండగానే లోపం బయటపడింది. వాడకం తగ్గిస్తే చాలింది. గెలీలియో భాగానికి కదలాల్సిన అవసరం జీవితంలో ఒక్కసారే ఉంది, ఆ ఒక్కసారీ కుదరలేదు.

ఒక్కసారి మాత్రమే కదలాల్సిన భాగాలే ఇప్పటికీ ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నాయి. 2023 ఏప్రిల్ 14న యూరప్ అంతరిక్ష సంస్థ గురుడి మంచు చంద్రుల కోసం పంపిన జూస్ నౌకలో, మంచు లోపలికి రాడార్ తరంగాలు పంపే 16 మీటర్ల యాంటెనా మడతల్లోంచి మూడో వంతే బయటికి వచ్చింది. కారణం మళ్లీ ఒక పిన్ను. మిల్లీమీటర్ల మేర జరిగితే చాలని ఇంజినీర్లు అంచనా వేశారు. ఎండలోకి తిప్పి వేడి చేశారు, థ్రస్టర్లతో కుదిపారు. గెలీలియో వాళ్లకు లేని సౌకర్యం వీళ్లకు ఒకటి ఉంది: యాంటెనాను చూసే చిన్న కెమెరాలు. ఊచ కొద్దికొద్దిగా కదులుతోందని వాటిలో కనిపించింది. మే 12న, ఇరుక్కున్న చోటే ఉన్న చిన్న విడుదల పరికరాన్ని పనిచేయించి, ఆ అదురుతో పిన్నును కదిలించారు. యాంటెనా విచ్చుకుంది.

గురుడి కక్ష్యలో తిరిగే ట్రోజన్ గ్రహశకలాల కోసం నాసా 2021 అక్టోబర్ 16న ప్రయోగించిన లూసీ నౌకది ఇంకాస్త చిక్కైన వ్యవహారం. విసనకర్రలా గుండ్రంగా విచ్చుకునే దాని రెండు సౌర ఫలకాల్లో ఒకటి పూర్తిగా తెరుచుకోలేదు, ఆఖరి గొళ్లెం పడలేదు. లాగే తాడు సడలి కండె నుంచి జారిపోయిందని తేల్చారు. థ్రస్టర్లతో నౌకను స్వల్పంగా కదిపి, ఆ ఫలకం ఏ లయలో కంపిస్తోందో కొలిచి, దాని బిగువు ఎంతో లెక్కగట్టారు. 1991లో సూర్య సెన్సర్ నీడ నుంచి ఊచల స్థితిని రాబట్టిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. 2022 మే, జూన్ నెలల్లో ప్రధాన మోటారునూ, అదనపు మోటారునూ ఒకేసారి నడిపి తాడును బలంగా లాగించారు. ఫలకం 360 డిగ్రీలకు గాను 353 నుంచి 357 డిగ్రీల మధ్యకు చేరింది. గొళ్లెం మాత్రం పడలేదు. డిసెంబర్‌లో మరోసారి ప్రయత్నించాక, సూర్యుడికి దూరమై ఫలకం బాగా చల్లబడినందున లాగినా లాభం తక్కువని చూసుకుని, 2023 జనవరిలో ఆ ప్రయత్నాలు నిలిపేస్తున్నట్టు ప్రకటించారు. ఇంజిన్ మండించినప్పుడు వచ్చే ఊపును తట్టుకునేంత బిగువు ఫలకానికి ఉందని అప్పటికే రూఢి చేసుకున్నారు. మోటార్లను ఇంకా శ్రమపెట్టడం కంటే ఫలకాన్ని ఉన్నట్టే వదిలేయడం మంచిదని తోచింది. ఆ ఫలకంతోనే లూసీ 2023 నవంబర్ 1న డింకినేష్ అనే గ్రహశకలాన్ని, 2025 ఏప్రిల్ 20న డొనాల్డ్‌జొహాన్సన్ అనే మరోదాన్ని దగ్గరగా చూసింది. మొదటి ట్రోజన్ గ్రహశకలం యూరీబేటిస్‌ను అది 2027 ఆగస్టులో చేరుకోవాలి.